సీటు రావడం ఒక లెక్క, నిలుపుకోవడం ఇంకో లెక్క

(సంఘం వార్షికోత్సవ సభలో, లా చదవాలనుకునే యువతీ యువకుల కోసం విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటర్ అయిన పిల్లల్ని, డిగ్రీ అయిన పిల్లల్ని ఏం చదువుతారని అడిగితే మన గూడేల్లో ఇంతకాలం రెండు మూడు జవాబులే వచ్చేవి. టీచరు, నర్సు, పోలీసు. ఈ మధ్య "లా చదువుతా" అనే మాట కూడా వినబడుతోంది. మాకు చాలా సంతోషంగా ఉంది. అయితే ఆ మాట వెనకే రెండు ప్రశ్నలు వస్తున్నాయి. మాకు సీటు వస్తుందా? వస్తే డబ్బులు ఎక్కడి నుంచి తేవాలి? ఈ రోజు ఆ రెండు ప్రశ్నల గురించే మాట్లాడతాం. ఊరికే భుజం తట్టి పంపడం మాకు ఇష్టం లేదు. లెక్క చేతిలో పెట్టి పంపుదామని వచ్చాం.

ముందుగా, లా ఎందుకో రెండు మాటల్లో చెప్పుకుందాం. మన భూమి ఇంకా మన చేతిలో కొంతైనా మిగిలిందంటే 1/70 వల్లే. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోకుండా అడ్డుకట్ట వేశారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు మొదలైంది విశాఖ మన్యంలో, అనంతగిరి మండలంలో. మనకు ఎదురుదెబ్బ తగిలింది కూడా కోర్టులోనే. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీఓ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఎన్ని కుటుంబాల ఆశలు ఆ ఒక్క రోజున ఆగిపోయాయో మీకు తెలుసు. మన నేల గురించి, మన ఉద్యోగాల గురించి తీర్పులు వచ్చే చోట మన భాష తెలిసినవాళ్లు, మన ఊరు తెలిసినవాళ్లు నిలబడాలి. అందుకే ఈ చదువు.

అయితే జాతి కోసం చదవమని చెప్పి మీ నెత్తిన బరువు పెట్టడం మా ఉద్దేశం కాదు. బరువు మోయాలంటే ముందు కాళ్లు నిలవాలి. మీ కాళ్లు నిలిచే మార్గం ఏదో చూద్దాం.

ఏయే తలుపులు ఉన్నాయి?

లా చదువు రెండు రకాలు. ఇంటర్ తరువాత 5 ఏళ్ల కోర్సు ఒకటి, డిగ్రీ తరువాత 3 ఏళ్ల కోర్సు ఒకటి. న్యాయవాదిగా పేరు నమోదు చేసుకునేటప్పుడు ఈ రెంటికీ తేడా లేదు. కాబట్టి డిగ్రీ చేసి ఇంట్లో ఉన్న అన్నలు, అక్కలు "మాకు వయసు దాటిపోయింది" అనుకోవద్దు.

మొదటి తలుపు క్లాట్. దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో 5 ఏళ్ల కోర్సుకు ఇది పెద్ద పరీక్ష. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ దీని కిందికే వస్తాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ అని వేరే పరీక్ష పెట్టుకుంటుంది. క్లాట్ రాయడానికి ఎస్టీ విద్యార్థులకు ఇంటర్‌లో 40 శాతం మార్కులు చాలు, వయసు పరిమితి లేదు. 120 ప్రశ్నలు, 2 గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది. అంటే ఇంటర్ రెండో ఏడు మధ్యలోనే రాయాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే అప్పటికే ఆ ఏడాది తలుపు మూసి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

రెండో తలుపు లాసెట్. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయాల లా కాలేజీలు, ప్రైవేటు లా కాలేజీలు దీని కిందికి వస్తాయి. ఇది 3 ఏళ్ల కోర్సుకూ ఉంది, 5 ఏళ్ల కోర్సుకూ ఉంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మార్కు కోత లేదు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. తెలంగాణలో సంగారెడ్డి వద్ద గిరిజన సంక్షేమ గురుకులాల సొసైటీకి సొంత లా కాలేజీ ఉంది. మన గురుకులాల్లో చదివిన పిల్లలు దాని నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి.

అవకాశాన్ని తూచడం ఎలా?

విత్తు వేసే ముందు నేల తడి చూస్తాం కదా. ఇక్కడ కూడా మూడు చూడాలి.

ఒకటి, సీట్లు ఎన్ని. కేంద్ర స్థాయి రిజర్వేషన్‌లో ఎస్టీలకు 7.5 శాతం. 120 సీట్లు ఉన్న చోట అది 9 సీట్లు. ఆ 9 కోసం పోటీ పడేది మన రెండు రాష్ట్రాల వాళ్లే కాదు, రాజస్థాన్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల ఎస్టీ విద్యార్థులు కూడా. అందుకే "ఎస్టీలకు సులువుగా వస్తుంది" అన్న మాట నమ్మి కూర్చోవద్దు. అదే సమయంలో, దేశం మొత్తం ర్యాంకు చూసి బెదిరిపోవద్దు. మీరు చూసుకోవాల్సింది మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందన్నదే. నల్సార్‌లో తెలంగాణ వారికి, దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో ఆంధ్ర వారికి స్థానిక కోటా కూడా ఉంది. స్థానిక కోటాలో ఎస్టీ సీటు అంటే పోటీ మన రాష్ట్రం వరకే. రాష్ట్ర కాలేజీల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ కోటా 6 శాతం. తెలంగాణలో దాన్ని 2022లో 10 శాతానికి పెంచారు.

రెండు, చివరి ర్యాంకులు. ఒక్క ఏడాది చూసి నిర్ణయానికి రాకండి. గత మూడేళ్ల జాబితాలు తీసి, మీ కేటగిరీ ఎదురుగా ఉన్న ర్యాంకులు ఒక కాగితం మీద రాసుకోండి. మూడేళ్లూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ లెక్క నమ్మవచ్చు. ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందికి పోతుంటే కష్టంగా ఉన్న ఏడాదినే ఆధారం చేసుకోండి.

మూడు, మీ చదువు ఇవాళ ఎక్కడ ఉంది. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని, నిజాయితీగా రాయండి. మూడు వారాల్లో మూడు పేపర్లు రాస్తే మీ స్థాయి మీకే తెలుస్తుంది. క్లాట్ మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఒక పొడవాటి పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారు. న్యాయ విభాగంలో కూడా ముందుగా చట్టాలు తెలిసి ఉండనక్కర్లేదు, సూత్రం పేరాలోనే ఉంటుంది. దాన్ని చదివి అన్వయించాలి. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలకు ఇక్కడ తెలివి తక్కువ కాదు, చదివే వేగం తక్కువ. వేగం సాధనతో వస్తుంది. రోజూ ఒక ఇంగ్లీషు పత్రికలో ఒక వ్యాసం, ఏడాది పాటు చదవండి. ఆ ఏడాది మీ చేతిలో లేకపోతే, క్లాట్ రాయండి కానీ ఆశంతా దాని మీదే పెట్టుకోవద్దు.

ఈ మూడూ చూశాక మూడు మెట్లు పెట్టుకోండి. గట్టిగా ప్రయత్నిస్తే అందేది పై మెట్టు. మీ మార్కులకు సరిపోయేది నడిమి మెట్టు. తప్పకుండా వచ్చేది కింది మెట్టు. మూడింటికీ దరఖాస్తు చేయండి. కింది మెట్టు అంటే చిన్నది అని కాదు, కాలు ఆనేది అని అర్థం. లాసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కులు లేవు. పరీక్ష రాస్తే ర్యాంకు వస్తుంది. కానీ ర్యాంకు ఉన్నంత మాత్రాన మంచి కాలేజీలో సీటు ఉన్నట్టు కాదు. మంచి ప్రభుత్వ కాలేజీ కావాలంటే అక్కడ కూడా పోటీ పడాల్సిందే.

ఒక హెచ్చరిక. "మా కాలేజీకి రాకపోయినా పర్లేదు, పరీక్షలు రాస్తే చాలు" అనేవాళ్లు తగులుతారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. క్లాసుకు వెళ్లకుండా తెచ్చుకున్న పట్టా కోర్టులో మొదటి రోజే మిమ్మల్ని పట్టిస్తుంది.

డబ్బు లెక్క

ఇక రెండో ప్రశ్న. స్కాలర్‌షిప్ ఉంది అన్న మాట విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఏ స్కాలర్‌షిప్, ఎంత, ఎప్పుడు చేతికి వస్తుంది అన్నది ఎవరూ అడగరు.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మనకు మొదటి ఆధారం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతుంటాయి, దరఖాస్తు చేసే వెబ్‌సైటు మారుతుంటుంది. పేరు చూసి గాభరా పడవద్దు. కేంద్ర నిబంధనల్లో కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. తెలంగాణ ఈ-పాస్‌లో ఎస్టీలకు పెట్టిన పరిమితి 2 లక్షలు. మీరు దరఖాస్తు చేసే ఏడాది నిబంధన చూసుకోండి. పక్క రాష్ట్రంలో సీటు వస్తే మన రాష్ట్ర పథకం అక్కడ ఎంతవరకు వర్తిస్తుందో ఐటీడీఏలో గానీ, జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయంలో గానీ చేరే ముందే అడగండి. నోటి మాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాయించుకోండి.

రెండోది కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్. దేశం మొత్తం మీద ఏడాదికి 1,000 కొత్త స్కాలర్‌షిప్పులు. కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోని సంస్థల్లో సీటు వస్తేనే ఇస్తారు. ట్యూషన్ ఫీజుతో పాటు నెలకు 2,200 ఖర్చులకు, ఏడాదికి 3,000 పుస్తకాలకు, ఒకసారి కంప్యూటర్‌కు 45,000 వరకు ఇస్తారు. ప్రైవేటు సంస్థ అయితే ఫీజుకు ఏడాదికి 2.5 లక్షల హద్దు ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మీరు చేరాలనుకునే సంస్థ పేరు జాబితాలో ఉందో లేదో ఆప్షన్ పెట్టే ముందే చూడండి. ఒకే చదువుకు రెండు స్కాలర్‌షిప్పులు తీసుకోవడం కుదరదు. ఏది ఎక్కువ లాభమో లెక్క వేసి ఒకటి ఎంచుకోవాలి.

ఇప్పుడు ఒక మాదిరి లెక్క వేద్దాం. అంకెలు కేవలం పద్ధతి చూపడానికే. ఒక జాతీయ విశ్వవిద్యాలయంలో ఏడాదికి అన్నీ కలిపి 3 లక్షలు అనుకుందాం. అందులో ట్యూషన్ 2 లక్షలు, హాస్టల్, మెస్, మిగతావి లక్ష. టాప్ క్లాస్ వచ్చిందనుకుందాం. ట్యూషన్ పోయింది. నెలకు 2,200 చొప్పున ఏడాదికి 26,400, పుస్తకాలకు 3,000, కలిపి 29,400. లక్షలో అది పోగా ఇంకా 70,600 మిగిలింది. 5 ఏళ్లకు 3,53,000. అంటే స్కాలర్‌షిప్ వచ్చినా నెలకు దాదాపు 6 వేలు ఇంటి నుంచి రావాలి. అదే స్కాలర్‌షిప్ రాకపోతే 15 లక్షలు. ఇంకో వైపు, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ లా కాలేజీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, గిరిజన సంక్షేమ హాస్టల్‌లో చోటు దొరికింది. చేతి ఖర్చు ఏడాదికి 20 వేలు అనుకుంటే 5 ఏళ్లకు లక్ష.

ఈ లెక్క చూసి జాతీయ విశ్వవిద్యాలయానికి వెళ్లొద్దని మేం అనడం లేదు. వెళ్లగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లాలి. అక్కడి గ్రంథాలయం, అక్కడి పరిచయాలు, అక్కడి నుంచి పెద్ద కోర్టులకు వేసే దారి మనకు కావాలి. ఆ నెలకు 6 వేలు ఎక్కడివో ముందే తెలుసుకుని వెళ్లమంటున్నాం. ఆ విశ్వవిద్యాలయాల్లోనే ఫీజు సాయం చేసే నిధులు ఉండవచ్చు, సీటు వచ్చిన రోజే మెయిల్ పెట్టి అడగండి. పేద విద్యార్థులకు క్లాట్ శిక్షణ ఇచ్చి, చేరాక కూడా తోడుండే ఐడియా అనే సంస్థ 2010 నుంచి పనిచేస్తోంది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇప్పించే పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. రుణం చివరి మార్గం. అయినా వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. సీటు కోసం భూమి మీద చేయి వేయకండి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా తరతరాలకు సంక్రమిస్తుంది కానీ దాన్ని అమ్మడానికి, బదలాయించడానికి చట్టం ఒప్పుకోదు. తెల్లకాగితం మీద రాయించుకునేవాళ్లు ప్రతి సంతలో ఉంటారు. భూమిని కాపాడే చదువు కోసం భూమినే పోగొట్టుకుంటే ఆ చదువుకు అర్థం లేదు.

మొదటి నెల గండం

స్కాలర్‌షిప్ డబ్బు చేరిన తరువాత వస్తుంది. సీటు ఖాయం చేసుకునే డబ్బు చేరక ముందే కట్టాలి. ఈ రెంటి మధ్య మన పిల్లలు జారిపోతున్నారు. క్లాట్ దరఖాస్తుకే ఎస్టీలకు ఇటీవలి ఏడాదుల్లో 3,500 ఉంది. కౌన్సెలింగ్‌లో పాల్గొనడానికి 20,000 దాకా ముందు కట్టించుకున్నారు. అది కొద్ది రోజుల గడువులో, ఆన్‌లైన్‌లో కట్టాలి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దినసరి కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. 17,500 రూపాయలు గడువు లోపల కట్టలేక సీటు పోయింది. ఆ దళిత కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది. ప్రతి ఒక్కరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే వీలు ఉండదు. కాబట్టి ఇప్ప పువ్వు అమ్మిన డబ్బో, తునికాకు డబ్బో, ఏదైనా సరే, పరీక్ష రాసే ఏడాది 25 వేలు విడిగా బ్యాంకులో ఉంచండి. అంత వీలుకాని ఇల్లు ఉంటే ఫలితాలు వచ్చాక కాదు, దరఖాస్తు రోజే సంఘానికి చెప్పండి.

కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్, ఫ్లోట్, ఎగ్జిట్ అని మూడు మాటలు వస్తాయి. వచ్చిన సీటు చాలు అనుకుంటే ఫ్రీజ్. ఈ సీటు ఉంచుకుని పై సీటు కోసం చూస్తానంటే ఫ్లోట్. వద్దంటే ఎగ్జిట్. అర్థం తెలియకుండా ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చేత నొక్కించకండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి, ఫోన్ నంబరు మీదే ఉండాలి.

కాగితాలు

మార్కులు ఉండి కూడా కాగితం లేక ఆగిపోవడం మనకు కొత్త కాదు. ఐదు కాగితాలు ఈ నెలలోనే సరిచూసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం, ఈ ఏడాది ఆదాయ పత్రం, నివాస పత్రం, ఆధార్, పదో తరగతి మెమో. ఐదింటిలోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మన ఇంటిపేర్లను ఒక్కో ఆఫీసులో ఒక్కోలా రాస్తారు. ఆ ఒక్క అక్షరం సరిచేయడానికి నెలలు పట్టవచ్చు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా చూసుకోండి. కాకపోతే స్కాలర్‌షిప్ మంజూరైనా డబ్బు రాదు.

చదువు అయ్యాక

న్యాయవాదిగా పేరు నమోదు చేసుకోవడానికి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. చట్టంలో రాసిన దానికన్నా ఎక్కువ తీసుకోకూడదంది. ఆ లెక్కన ఎస్సీ, ఎస్టీలకు నమోదు రుసుము 125 రూపాయలు. ఈ మాట గుర్తుంచుకోండి, అడిగితే తీర్పు చూపండి.

అయితే నల్లకోటు వేసుకున్న మొదటి రెండు మూడేళ్లు రాబడి తక్కువ. సీనియర్ దగ్గర పని నేర్చుకునే కాలం అది. చదువుకు అయిన అప్పు అప్పుడు మెడ మీద ఉంటే, ఊరికి తిరిగి రావాలన్నా రాలేరు, వచ్చిన ఏ ఉద్యోగమో పట్టుకుని పోవాలి. అందుకే డబ్బు లెక్క ముందే వేయమంటున్నాం. తక్కువ అప్పుతో బయటికి వచ్చినవాడికి ఏ కోర్టులో నిలబడాలో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంటుంది. 1/70 కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో మన అవ్వ తన భాషలో చెప్పేది మధ్యలో ఎవరూ మార్చకుండా అర్థం చేసుకునే లాయరు కావాలి. ఎస్టీలందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు చట్టంలో ఉంది. ఆ సహాయం అందించే జాబితాలో మీ పేరు ఉండాలి. ఇంకా పైకి చదవాలనుకుంటే విదేశాల్లో పీజీకి కేంద్రం ఎస్టీలకు ఏటా 20 స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, అందులో 3 ఆదిమ తెగల వారికి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్ల దూరం వెళ్లి చదవడం ఎందుకని సీటు వదిలించకండి. హాస్టల్ ఎలా ఉందో మాతో కలిసి వెళ్లి చూడండి, తరువాత మాట్లాడదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సభ అయ్యాక భోజనాల దగ్గర విద్యా కమిటీ బల్ల ఉంటుంది. అక్కడ మీ పేరు, చదువు, ఏ పరీక్ష రాస్తారో రాయించండి. వచ్చే ఆదివారం మీ ఐదు కాగితాలు పట్టుకుని సంఘం కార్యాలయానికి రండి. పేర్లు సరిచూద్దాం, మూడు మెట్లు రాద్దాం, ఇంటింటి డబ్బు లెక్క వేద్దాం. పాత ప్రశ్నపత్రాలు మా దగ్గర ఉన్నాయి, పెన్ను మీరు తెచ్చుకోండి.